భూమిక రక్తం, కొట్రమ్మ చలిజ్వరం

మా మనవరాలు భూమిక కష్టపడి సాధించిన పెద్ద విజయం హెవీ లైసెన్సు. పరీక్షలో రెండుసార్లు రివర్సు తీస్తూ గుర్తుకు పాతిన కట్టెలు పడగొట్టి, మూడోసారి నెగ్గింది. మా ఊరు రూపనగుడిలో ఆ కార్డు తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల. అంతకుముందే తాలూకా కబడ్డీ జట్టులో ఆడింది, మా చేనంతా ట్రాక్టరుతో తానే దున్నింది. తాతను కాబట్టి చెప్పడం లేదు, ఊళ్లో ఎవరినైనా అడగండి.

సండూరు గనుల్లో ఖనిజం మోసే డంపర్లు నడపడానికి ఆడపిల్లలకు శిక్షణ ఇస్తారంటే అర్జీ పెట్టింది. బండి నడిపే పరీక్షలో అందరికంటే ముందు నిలిచింది. మెడికల్‌లో ఆపేశారు. రక్తం తక్కువ, సరిచేసుకుని రమ్మన్నారు.

ఈ మాట మాకు కొత్త కాదు. బడినాటినుంచీ దానికి ఐరన్ మాత్రలే. నా భార్య కొట్రమ్మ సంగటి, నువ్వులుండలు, మేక కార్జం వదలకుండా పెట్టింది.

"ఇంకొక్క ముద్ద తినే."

"చాలవ్వా, ఇంగ డంపర్ తలుపులో నేను పట్టను."

నెల తిరిగినా రక్తం పెరగలేదు. బళ్లారిలో డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఐరన్ సరిపోయేంత ఉండాది. రక్తకణాలే చిన్నవి. ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్లా ఉండాదా?" అని అడిగింది.

కొట్రమ్మ తల వంచుకుంది. "నాకేనమ్మా. పెండ్లినాటినుంచీ పాలిపోయినదాన్నే. నా రక్తమే పిల్ల నోటికాడి కూడు తీసినాది."

ఇద్దరి రక్తం బెంగళూరుకు పంపారు. ఇద్దరిదీ ఆల్ఫా తలసేమియా ట్రెయిట్ అని, అంటే రక్తకణాలు పుట్టుకతోనే చిన్నవని, తరతరాలుగా వచ్చేదని, భూమిక పనికి అడ్డు కాదని తేలింది.

"అవ్వా, నీకు ఎప్పుడన్నా చలిజ్వరం వచ్చిందా?" అంది డాక్టరమ్మ.

"బండ్రి గని క్యాంపులో వచ్చె. మలేరియా అనిరి. పక్కన పండుకున్న మా తోడికోడలు పోయె. నేను లేచి గంజి తాగితి."

"ఇట్లాంటి కణాలుండేవాళ్లకు మలేరియా వచ్చినా ముదిరేది తక్కువ. నిన్ను కాపాడింది ఇదేనని గట్టిగా చెప్పలేను, కాపాడిండొచ్చు. అట్లని దోమతెర మానొద్దు."

 కొట్రమ్మ మనవరాలి చెయ్యి ఒళ్లోకి తీసుకుని, "అప్పటికి మీ నాయన పుట్టనేలేదు పాపా. నేను పోయింటే నువ్వు యాడ," అంది.

డాక్టరమ్మ మాత్రలు ఆపేయించి, పనికి తగునని రాసిచ్చింది. గనివాళ్లు చేర్చుకున్నారు. మొన్న ఫోనులో, "తాతా, నిండు లోడు దింపినా," అని చెప్పింది. శిక్షణ ముగించుకుని ఆగస్టు పదకొండు, మంగళవారం ఇంటికి వస్తుంది.