చుక్కతో ఇల్లు వెతికిన ఎండాకాలం

మొన్న పొద్దున పాల ప్యాకెట్టు తెచ్చుకుని వస్తుంటే, మా వెనక వీధిలో కొత్తగా రంగు వేసిన గేటుకు ఒక అట్టముక్క వేలాడుతూ కనిపించింది. ‘ఇల్లు కిరాయికి ఇవ్వబడును’ అని పెద్ద అక్షరాలు. కింద చోటు చాలక వంకరటింకరగా, ‘కుక్కలున్నవారు అడగరాదు.’ ఆ రెండో వాక్యం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఇదే గోదావరిఖనిలో అప్పట్లో ఇలాంటి గేట్లు ఎన్నింటి ముందు నిలబడ్డామో! ఆ ఎండాకాలమంతా కళ్లముందు తిరిగింది.

మా ఆయన అప్పుడే గని ఉద్యోగంలో రిటైరయ్యారు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. సొంతిల్లు కట్టుకుందామని ముప్పై ఏళ్లు అనుకోవడమే తప్ప ఇటుక మీద ఇటుక పెట్టినవాళ్లం కాదు. ఉన్నది మేమిద్దరం, మాతో పాటు చుక్క. చుక్క నల్లటి ఊరకుక్క. నుదుటి మీద మాత్రం తెల్లటి మచ్చ. ఒక వానాకాలం మొదటి షిఫ్టు దిగి వస్తున్న మా ఆయన సైకిలు వెంటపడి వచ్చింది. నేను ముందు తలుపు నుంచి తరిమితే వెనక తలుపు నుంచి వచ్చేది. చివరికి నేనే అలసిపోయి దానికొక గిన్నె కేటాయించాను. ఏళ్ల తరబడి భూమి లోపల డ్రిల్లింగు మిషన్ల మోత విని విని మా ఆయన చెవులు దాదాపు మూసుకుపోయాయి. దవాఖానలో ఇచ్చిన చెవి మిషను ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది. ‘‘అది పెట్టుకుంటె అందరు రేకుల డబ్బల నుంచి మాట్లాడినట్టున్నది’’ అనేవారు. ఎవరూ నేర్పకుండానే చుక్క ఆ పని అందుకుంది. ఎవరైనా తలుపు కొడితే పోయి ఆయన మోకాలిని ముట్టెతో పొడిచేది. నేను వంటింట్లో నుంచి పిలిచినా అంతే.

ఇల్లు వెతకడానికి చుక్కను కూడా తీసుకుపోవాలని ఆయన పట్టు. దాచిపెట్టి తర్వాత తేవడం మోసమట. షేర్ ఆటోవాళ్లు కుక్కను చూసి ఆపకుండా పోయేవారు కాబట్టి ముగ్గురం ఎండలో నడిచేవాళ్లం. ఒక ఇంటాయన మా కులం, మా కూర, మా చుట్టాల రాకపోకలు అన్నీ అడిగి తృప్తిపడ్డాక, చుక్కవైపు చూసి, ‘‘కరుస్తదా?’’ అన్నాడు. మా ఆయనకు అది ‘కడ్తరా?’ అని వినపడింది. కిరాయి సంగతి అనుకుని, ‘‘ప్రతి నెల ఒకటో తారీఖునాడు. ఒక్కసారి గూడ తప్పది’’ అని ఛాతీ మీద చెయ్యేసుకుని మాట ఇచ్చారు. ఆ ఇంటాయన టక్కున గేటు వేసుకున్నాడు. రోడ్డు మీదికి వచ్చాక నేను అసలు సంగతి గట్టిగా చెబితే, మా ఆయన కరెంటు స్తంభం పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

నవ్వులు ఎక్కువ రోజులు నిలవలేదు. క్వార్టరు గడువు దగ్గరపడింది. మా చెల్లెలు వచ్చి, ‘‘అక్కా, కుక్క కోసం రోడ్డున పడ్తరా? మా ఊర్లె ఇడిసిపెడ్త, అదే బతుకుతది’’ అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే సరైన దారి అనిపించింది. ఆ మాటే ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆయన జేబులోంచి చెవి మిషను తీసి చూసి, మళ్లీ జేబులోనే వేసుకున్నారు. తర్వాత మెల్లగా, ‘‘మరి నువ్వు పిలిస్తె నాకెట్ల తెలుస్తదే?’’ అన్నారు. నేను లేచిపోయి చుక్క గిన్నెలో అన్నం పెట్టాను. చెల్లెలు ఒక్కతే ఊరికి బస్సెక్కింది.

ఆ మర్నాడు ఎవరో చెబితే ఒక రిటైరైన నర్సు ఇంటికి వెళ్లాం. అందరూ ఆవిడను సిస్టరమ్మ అంటారు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దావిడ. పక్క పోర్షను ఖాళీగా ఉంది కానీ చుక్కను చూడగానే ఆవిడ కాళ్లు పైకి ముడుచుకుంది. ‘‘కుక్క ఒద్దు బిడ్డా. నా చిన్నప్పుడు ఒకటి పిక్క పట్టుకున్నది. బొడ్డు చుట్టు సూదులేసిన్రు. నౌకరి ఉన్నన్నాళ్లు లోకానికంత నేనే సూదులేసిన గని, ఆ నొప్పి ఇంక మర్వలే’’ అంది. అయినా మా మొహాలు చూసి, మంచినీళ్లు తాగి పొమ్మంది.

నీళ్లు తాగుతుండగా ఓపెన్‌కాస్టు గని వైపు నుంచి సైరను వినపడింది. గనిలో బండలు పేల్చే బ్లాస్టింగు వేళ. చుక్కకు ఆ చప్పుడంటే ప్రాణం పోయేంత భయం. తాడు విడిపించుకుని, దూరడానికి ఇంకే చాటూ లేక, సిస్టరమ్మ కుర్చీ కిందే దూరింది. ఇల్లు ఒక్కసారి అదిరింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. మా ఆయన చెవులకు వినపడకపోయినా అరికాళ్లకు తెలిసి లేచి నిలబడ్డారు. నేను చుక్క కోసం వంగేసరికి, అది సిస్టరమ్మ పాదాల మీద తల పెట్టుకుని గజగజ వణుకుతోంది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని ఉంది. కాసేపటికి కళ్లు తెరిచి కిందికి చూసింది. రెండో చెయ్యి తడుముకుంటూ కిందికి దిగి, ఆ తెల్లమచ్చ మీద ఆగింది.

‘‘అయ్యో, ఇది నాకంటె ఎక్కువ బయపడ్తున్నది గదా!’’ అంది. తర్వాత నావైపు చూడకుండానే, ‘‘రోజు గీ టైముకు ఒక్కదాన్నే ఉంట బిడ్డా. గుండె దడదడ కొట్టుకుంటది. ఖనిల పుట్టి బ్లాస్టింగుకు బయమా అని నవ్వుతరని ఎవ్వరికి చెప్పలే’’ అంది.

నేను మా ఆయన చెవిలో, ‘‘ఇల్లు ఇస్తదట!’’ అని అరిచాను. ఆవిడ ఇంకా ఆ మాట అననేలేదు, నేనే తొందరపడ్డాను.

‘‘చుక్కకు గూడనా?’’ అన్నారాయన.

‘‘దానికే ఇస్తున్న. మీరిద్దరు దానెంబడి వస్తున్రు, అంతే’’ అంది సిస్టరమ్మ.

రెండో మెట్టు దాటి రాకూడదని చుక్కకు షరతు పెట్టింది. ఆ షరతు వారం రోజులు నిలిచింది. ఆ తర్వాత సైరను మోగితే చుక్క తిన్నగా ఆవిడ కుర్చీ కిందికి పోయేది. ఆదివారం ఆవిడ ఇంటికి ప్రార్థనకు వచ్చినవాళ్లు పాట ఎత్తుకుంటే ఇదీ మోర ఎత్తి రాగం తీసేది. నేను సిగ్గుపడి లాక్కురాబోతే, ‘‘ఉండనీ, దాని ప్రార్థన అది చేసుకుంటున్నది’’ అనేది సిస్టరమ్మ. ఇప్పుడు ఆవిడకూ చెవులు మందగించాయి. మూతి చుట్టూ నెరిసిన చుక్క, గేటు చప్పుడైతే ముందు మా ఆయన మోకాలిని పొడిచి, కుంటుకుంటూ వెళ్లి ఆవిడ మోకాలిని కూడా పొడిచి వస్తోంది.

పదకొండు నెలలకని కాగితం రాసుకుని ఈ ఇంట్లోకి వచ్చాం. ఆ నెలలు ఎప్పుడు నిండాయో కాలం మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.