నాలుగో అధ్యాయంలో నాకౌట్

ఆ రోజుల్లో అమెరికాలోని అరోరాలో సత్యనారాయణ వ్రతానికి పురోహితుడు దొరకడం గగనమైపోయేది. ఇండియా నుంచి తెచ్చుకున్న క్యాసెట్టే మా పురోహితుడు. అది గోత్రం చెప్పమని కాస్త ఆగితే గబగబా చెప్పేసేవాళ్లం (ఆలస్యం చేస్తే మన కోసం ఆగదు కదా). మా భక్తికి ఏనాడూ లోటు రాలేదు, టేప్ రికార్డర్‌లో బ్యాటరీలకే వచ్చేది. ఉద్యోగం, పెళ్లి రెండూ కొత్తగా ఉన్న ఎనభైల తొలినాళ్లవి. నాకు బాక్సింగ్ పిచ్చి. టీవీలో ఛాంపియన్‌షిప్ పోటీ వస్తే నేనూ పిడికిళ్లు బిగించి సోఫా ముందు గెంతేవాణ్ణి. మొదటిసారి మా ఇంటికొచ్చిన అత్తగారు ఆ గెంతులు చూసి పిల్లనెవరికిచ్చామా అని దిగులు పడ్డారు. మామగారు మితభాషి. వచ్చి నెలైనా నాతో నేరుగా ఒక్క మాట లేదు. "మీ ఆయన్ని ఉప్పు ఇటివ్వమను" అని మా ఆవిడకి చెప్పేవారు. ఆయన నోట ఒక్కసారి 'ఏమోయ్' అనిపించుకోవాలని నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

ఆ ఆదివారం స్నేహితులందరినీ పిలిచి వ్రతానికి కూర్చున్నాం. కొంగుముడి వేశారు. అందరి చేతుల్లో అక్షతలు. నాలుగో అధ్యాయంలో స్వామి సన్యాసి వేషంలో వచ్చి, "ఓయీ, నీ పడవలో ఏమున్నది?" అని షావుకారుని అడిగాడు. జవాబుగా క్యాసెట్లో ఠంగుమని గంట మోగింది. వెనకే జనం హోరు, ఇంగ్లీషు కామెంటరీ. ఛాంపియన్ తూలుతున్నాడట, తాళ్ల మీద వాలిపోయాడట.

"ఏం నాయనా, మీ గుద్దులాటకి స్వామి క్యాసెట్టే దొరికిందా?" అన్నారు అత్తగారు.

"నేను టచ్ కూడా చెయ్యలేదండీ" అన్నాను. ఎవరూ నమ్మలేదు. నెల రోజుల నా వినయమంతా గంగలో కలిసింది. ఆపేద్దామని లేవబోతే కొంగుముడి పట్టి లాగింది.

"ఉండవోయ్, ఆపకు" అంది మూలనుంచి ఒక గొంతు. మామగారు ముందుకు వంగి కూర్చున్నారు. "మొన్న రేడియోలో పాత పోటీ వేశారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో దీని గురించి పేపర్లో చదవడమే, విన్నది లేదు. ఖాళీ క్యాసెట్ అనుకుని రికార్డింగ్ పెట్టాను. ఈలోగా మీ అత్తగారు పప్పుల కొట్టుకి లాక్కుపోయింది."

ఇక నేను ఆగలేకపోయాను. పీట మీదే భుజాలు ఊపేస్తున్నాను, నాతోపాటు ముడిలో ఉన్న మా ఆవిడా ఊగుతోంది. "ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి" అని మామగారు. ఛాంపియన్ కుప్పకూలాడు. మామగారు లేచి నిలబడి చేతిలోని అక్షతలు గాల్లోకి విసిరారు. ఆయన్ని చూసి, కథ అయిపోయిందనుకుని అందరూ విసిరేశారు.

మిగతా కథ మామగారే నోటికి చెప్పారు, అదే కామెంటరీ వేగంతో. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుని, "ఏమోయ్, ఆ ఆఖరి దెబ్బ ఎలా కొట్టుంటాడంటావ్?" అన్నారు. పులిహోర తింటూనే ఆనందంగా ఎడం పిడికిలి గాల్లోకి విసిరి చూపించాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేనే మామగార్ని. మొన్న మా అమ్మాయి ఇంట్లో వ్రతం. అమెరికాలో పుట్టిన మా అల్లుడు కండువా చాటున ఫోన్‌లో ఏదో మ్యాచ్ చూస్తూ నా కంట పడి బిక్కచచ్చిపోయాడు. అతనితో నేను పెద్దగా మాట్లాడను. పక్కకి జరిగి, అక్షతలున్న పిడికిలి బిగించి, మెల్లిగా అడిగాను: "ఏమోయ్, ఎవరు గెలుస్తున్నారు?"