హెర్దిస్ గోధుమరంగు కోటు

రోజూ పొద్దున్నే ప్రార్థన ముగించుకుని హెర్దిస్ తన గోధుమరంగు కోటు తొడుక్కునేది. సముద్రపు బాతులు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చింది మొదలు పిల్లలతో తిరిగి సముద్రంలో దిగేదాకా అదే కోటు, అదే తలగుడ్డ. ఉతకడం లేదు, మార్చడం లేదు. ఆ బాతులకు ఆమె ముఖంతో పనిలేదు. కోటు తెలుసు, నడక తెలుసు, అంతే. రాళ్ళు పేర్చి, పైన మట్టిపెళ్ళలు కప్పి, లోపల ఎండిన నాచు పరిచి తాను కట్టిన ప్రతి గూటి ముందూ వంగి, "నేనేనమ్మా, భయపడకు" అని చెప్పి ముందుకు కదిలేది. బాతులు గూళ్ళలో వదిలిపోయే మెత్తటి నూగు అమ్ముకునే ఆ నార్వే దీవిలో ఇల్లు గడిచేది గానీ హెర్దిస్ ఆ మాట ఎత్తేది కాదు. దేవుడు పంపిన చుట్టాలనేది.

చుట్టాలున్నన్నాళ్ళూ చప్పుడు కూడదు. కట్టెలు కొట్టరాదు, బట్టలు ఆరేయరాదు, కుక్క మొరగరాదు. అందుకని కుక్కనే పెంచరు. ఈ నియమాలతో అందరికన్నా అవస్థ పడినవాడు ఆమె మరిది టోర్లైఫ్. ఆయన గొంతెత్తి "ఆమేన్" అంటే ఆవలి ఒడ్డున గొర్రెలు మేత మానేసి తలెత్తేవి. అటువంటి మనిషి ఆదివారం ప్రార్థనలో నోరు తెరుస్తూ మూస్తూ, శబ్దం లేకుండా కీర్తన మొత్తం పాడేవాడు. తుమ్మొస్తే పరుగెత్తుకెళ్ళి పిండిడబ్బాలో తల దూర్చేవాడు.

తెల్లటి గడ్డంతో పైకి లేచి, "వినపడిందా వదినా?" అని గుసగుసగా అడిగేవాడు.

"లేదులే. రేపటి రొట్టె నువ్వే తిను."

పోట్లాటలు కూడా గుసగుసల్లోనే సాగేవి.

"నీ గొర్రె మళ్ళీ నా బంగాళాదుంపల్లో పడింది."

"అదిలిస్తే పోతుంది వదినా. అదిలించనిస్తేగా నువ్వు!"

ఆ ఏడు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన ఒక బాతు, కట్టిపెట్టిన గూళ్ళన్నీ కాదని, హెర్దిస్ గుమ్మం మెట్టు కింద గుడ్లు పెట్టింది. ఇంకేముంది, తలుపు మూతపడింది. మనుషుల రాకపోకలన్నీ వెనక కిటికీలోంచి. పాస్టరుగారు వచ్చినా అంతే. ఆయన పొడుగు అంగీ కొక్కేనికి చిక్కుకుంది. సగం లోపల, సగం బయట వేలాడుతూ కూడా, బాతు బెదురుతుందని ఆ మంచి మనిషి గొంతు పెంచకుండానే దీవెన చెప్పాడు.

మెట్టు కింద కిచకిచలు మొదలైన ఉదయం హెర్దిస్ ఆత్రంగా కిటికీ దిగబోయింది. కింద పీట జారింది. చీలమండ విరిగింది. ఆమె కేక వేయలేదు. తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని, టోర్లైఫ్ అటుగా వచ్చేదాకా అలాగే పడుంది. ఆయన ఆమెను ఎత్తి, మళ్ళీ కిటికీలోంచే లోపలికి చేర్చి, డాక్టరు పడవకి కబురు పంపాడు. పడవ దూరంగా ఉండగానే రాతిమీద నిలబడి రెండు చేతులూ ఊపి ఇంజను ఆపించాడు. పాపం, నర్సు కూడా తెడ్డు వేయవలసి వచ్చింది.

"తలుపుందిగా?" అన్నాడు స్ట్రెచరు మోసుకొచ్చిన పడవవాడు.

"ఉంది. వాడం," అన్నాడు టోర్లైఫ్.

హెర్దిస్ బాధ కాలి గురించి కాదు. తడి ఆరి బొచ్చు విచ్చుకోగానే తల్లి పిల్లల్ని నీటికి నడిపిస్తుంది. మెట్టు నుంచి సముద్రం దాకా అంతా బోసి రాతినేల, పైన చలిగాలి. ఇంటికప్పు మీద అప్పుడే, పిల్లల్ని ఎత్తుకుపోయే పెద్ద పెద్ద సీగల్ పక్షులు బారులు తీరాయి. ఏటా గూటి నుంచి నీటి దాకా ఆమె కోటు రెక్కలా చాపి పిల్లల పక్కన నడిచేది. ఈసారి కోటు ఆవలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి పోతోంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, హెర్దిస్ ఏడ్చింది. అదీ చప్పుడు లేకుండా.

ఉన్నట్టుండి కళ్ళు తుడుచుకుని కోటు విప్పింది.

"అబ్బాయ్, ఇది నువ్వేసుకో."

"ఆడకోటు వదినా! పైగా నాకు పట్టదు."

"గుండీలు పెట్టకు. తలగుడ్డ కట్టుకుని గడ్డం లోపలికి దోపుకో. నాలాగే నడు."

టోర్లైఫ్ కట్టుకున్నాడు. స్ట్రెచరు చుట్టూ రెండుసార్లు నడిచి చూపించాడు. నర్సు గోడవైపు తిరిగిపోయింది.

"నేనంత ఊగుతూ నడవను," అంది హెర్దిస్.

"నడుస్తావు వదినా. రోజూ చూస్తూనే ఉన్నా."

"సరే, ఊగు. వెనకబడ్డ పిల్లని ఎడమ జేబులో వేసుకో. అందులో నూగు కూరాను, వెచ్చగా ఉంటుంది. కుడిజేబులో వేసేవు, చిల్లుంది. పక్షి దిగితే కోటు చాపు. అరవకు."

"అరవను."

"తుమ్మొస్తే?"

ఆయన పిండిడబ్బా వైపు చూశాడు. డబ్బాని తాడుతో మెడకి కట్టుకుంటానన్నాడు.

స్ట్రెచరు కిటికీలో సగం దూరింది. ఆమె చెయ్యి చాచి, తన కోటు చెయ్యే పట్టుకుని ఆపింది.

"ఇంకొక్కటి చేసిపెట్టు. ఇదే ఆఖరి గూడు, ఇక ఏ తల్లీ బెదరదు. పిల్లలన్నీ నీళ్ళలో దిగాక ఒక్క కీర్తన పాడు. నిజం గొంతుతో. ఆవలి ఒడ్డున కిటికీ తెరిచి పడుకుంటాను. అది వినపడేదాకా నా కాలు ఎవర్నీ ముట్టుకోనివ్వను."