సిమెంటు మీద రెండు మరకలు

ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుడి గది తర్వాత అంత పవిత్రమైన చోటు, గేటు నుంచి వరండా దాకా నాన్న వేయించిన సిమెంటు దారి. ముప్పై ఏళ్లు రైలింజను నడిపిన మనిషి, ఆ ముప్పై ఏళ్లూ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, నాలుగు చినుకులు పడితే బురదయ్యే వాకిళ్లలోనే బతికారు. రిటైరై ఆ ఊరి శివార్లలోని ఉస్లాపూర్‌లో సొంతిల్లు కట్టుకున్నాక, ఆ సిమెంటుకి పూటపూటా తన చేత్తోనే నీళ్లు పట్టారు. (చిన్నప్పుడు నాకు ఒక్కసారైనా స్నానం చేయించిన దాఖలా లేదు, కావాలంటే మా అమ్మనడగండి.)

ఆ దారి వేయించిన నెలలోనే నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. దాని వెంట ఆఫీసులో ఒకాయన వాడి వాడి వదిలించుకున్న మోటారు సైకిలూ వచ్చింది. నాన్నకి ఆ బండంటే గిట్టదు. "పట్టాల్లేని బండిని ఎలగ నమ్మడం రా?" అనేవారు. అసలు ఆయనకి సైకిలు తొక్కడమే రాదు, డ్యూటీకి జీవితమంతా నడిచే వెళ్లారు.

ఒకరోజు పొద్దున్నే చుట్టాల పెళ్లికి పలాస బయల్దేరుతూ, గేటు దగ్గర ఆగి నాకు హుకుం జారీ చేశారు. "మూడ్రోజుల్లో వచ్చీస్తాను. ఈ సిమెంటు మీద ఒక్క మరక పడ్డాదా, నీ బండి తాళం నా జేబులోకి ఎల్లిపోతాది. అచ్ఛా?" ఆ పొద్దున ఆయన కాస్త కుంటుతున్నారు. ఏటయిందని అమ్మ అడిగితే, "మెట్టు తగిలిందిలేవే" అని ఆటో ఎక్కేశారు.

మరక ఆ సాయంత్రమే పడింది. ఎదురింటి వాళ్లంతా బయట కూర్చుని ఉన్నారు కదా అని, గేట్లోంచి దూసుకొచ్చి కీచుమని బ్రేకు కొట్టాను. (వాళ్లలో ఒక్కరూ తలెత్తి చూడలేదు.) దిగి చూద్దును కదా, రెండు గజాల పొడవున నల్లటి చార! అమ్మ వరండాలోంచి చూసి, "అయిపోయావురా నువ్వు" అంది, పెద్దగా బాధపడకుండా. నాకు మాత్రం బండి తాళమే కళ్లముందు ఆడింది. నేను పెద్దవాణ్ణయ్యానని చెప్పుకోవడానికి ఆ బండి ఒక్కటే ఉంది. అది పోతే మళ్లీ షేర్ ఆటోలో అయిదుగురి మధ్య ఆరోవాడిగా ఇరుక్కుని ఆఫీసుకి వెళ్లాలి.

పక్క వీధిలో షెడ్డు మామయ్య ఉండేవాడు. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, నాన్నకి స్నేహితుడు. పరుగున వెళ్లి చెప్పుకుంటే, "దీనికి ఏడుస్తావేటిరా? షెడ్డులో ఏ మరకైనా ఒకటే మందు, కిరసనాయిలు!" అని సీసా, ఇంజన్లు తుడిచే నూలు పీచు పట్టుకొచ్చాడు. ఇద్దరం కూర్చుని రుద్దాం. ఇంజను ఇనుము కాబట్టి కిరసనాయిల్ని పీల్చుకోదు. మా సిమెంటు మాత్రం కొత్తల్లుడు పాయసం తాగినట్టు తాగింది. చార కాస్తా నల్లమబ్బులా పరుచుకుంది. "చారే బాగుండేది కదరా" అంది అమ్మ. "ఇనుమైతే పోయేదమ్మా" అన్నాడు మామయ్య, తప్పంతా సిమెంటుదే అన్నట్టు.

మర్నాడు మామయ్యే యాసిడ్ తెచ్చి పోశాడు. బుసబుసమని నురగ పొంగింది. మరక పోయింది, దాంతో పాటు సిమెంటు పైచర్మమూ పోయింది. బూడిద రంగు దారి మధ్యలో మంచం వేసినంత మేర తెల్లగా, గరుకుగా మచ్చ తేలింది. "ఏటిరా, చందమామ మనింట్లో దిగీసినాడు!" అంది అమ్మ. మామయ్యకి ఆ క్షణంలోనే ఇంట్లో ఏదో పని గుర్తొచ్చింది.

మూడో రోజు ఆ తెల్లమచ్చ చుట్టూ తిరుగుతుంటే, గోడ పక్కన ఇంకో మరక కనబడింది. మూరెడు పొడవున, నల్లగా, వంకరగా ఉంది. నేనెప్పుడు చేశానో ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. కానీ ఒక తప్పు చేసి కూర్చున్నవాడు రెండోది తనది కాదని ఎవరితో వాదిస్తాడు? ఈసారి మామయ్యని పిలవలేదు. వేడినీళ్లు పోసి, బట్టల సబ్బు పొడి చల్లి, కాసేపు నానబెట్టి, గట్టి బ్రష్షుతో ఓపిగ్గా తోమాను. గంటలో ఆనవాలు లేకుండా పోయింది. ఒక్కటైనా సవ్యంగా చేశానని నాకు నేనే ముద్దొచ్చాను.

ఆ సాయంత్రం నాన్న సంచితో గేట్లోకి వచ్చారు. తెల్లమచ్చ చూశారు. దాన్ని దాటుకుని తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి వంగారు.

"ఇక్కడో గీత ఉండాల. ఏదిరా?"

"తోమీసాను నాన్నా."

"పూర్తిగా తోమీసినావేటి?"

"ఆనవాలు లేకుండా!" అన్నాను గర్వంగా.

నాన్న సంచి కింద పెట్టి మెట్టు మీద కూలబడ్డారు. "అది నాదిరా" అన్నారు మెల్లగా. ఊరెళ్లే రోజు, మేమింకా లేవకముందే, నా బండి తాళం తీసి ఎక్కారట. క్లచ్చి ఒక్కసారిగా వదిలేస్తే బండి ఎగిరి, గోడ దగ్గర చక్రం గిర్రున తిరిగి గీత పడి, ఆయన మోకాలికి కొట్టుకుందట. "పట్టాల్లేకుండా నా జన్మకి నాను నడిపింది ఆ నాలుగు గజాలే. వచ్చినాక మీ అమ్మకి చూపిద్దామనుకున్నాన్రా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బండి తాళం తీసి ఆయన చేతిలో పెట్టి, "ఇంకోసారి ఎక్కు నాన్నా, నేను పట్టుకుంటాను" అన్నాను. ఆయన తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా జేబులోనే వేసేసి, "వొద్దులే, మోకాలు ఇంకా సలుపుతోంది" అన్నారు. తాళం దక్కిన సంబరంలో నేను రెండోసారి అడగలేదు.

నాన్న ఇప్పుడు చేతికర్ర పట్టుకుని ఆ దారి మీదే అటూ ఇటూ నడుస్తుంటారు. ఎవరైనా వస్తే తెల్లమచ్చ చూపించి, "మావోడి పనితనం" అంటారు. తర్వాత గోడ పక్కకి తీసుకెళ్లి, ఏమీ లేని సిమెంటు మీద కర్ర ఆనించి, "ఇదిగో, ఇక్కడే నాను బండి నడిపినాను" అంటారు. వచ్చినవాళ్లు నాకేసి చూస్తారు. అప్పట్లో అయితే సిగ్గుతో లోపలికి పోయేవాణ్ణి. ఇప్పుడు వాళ్ల పక్కన నేనూ వంగి, "అదిగో, చివర కాస్త వంకర తిరిగింది చూడండి" అని వేలు పెట్టి చూపిస్తున్నాను.