కాలవకు అటువైపు

నేను ఒక మనిషిని కొట్టింది జీవితంలో ఒక్కసారే. అది మెల్‌బోర్న్‌లో, వై టూ కే పనులు ఊపిరి సలపనివ్వని రోజుల్లో, సరదాగా తిరుగుదామని బయల్దేరిన ఒక శనివారం.

అప్పటికి ఆరు వారాలుగా మాకు సెలవు లేదు. రెండు వేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండంకెలతో రాసిన చోటల్లా వెతికి సరిచేయడం మా ఉద్యోగం. నాతో ఫ్లాట్‌లో ఉండే హైదరాబాద్ మిత్రుడిదీ అదే ఆఫీసు. పొద్దున నేను కేరమ్ డౌన్స్ గుడికి వెళ్తానంటే, "నువ్వు దండం పెట్టుకో భాయ్, నేను క్యాంటీన్‌ల పులిహోర తింట" అంటూ వాడూ వచ్చాడు. గుడిలో పరిచయమైన ఒక అంకుల్ మమ్మల్ని కారులో పాటర్సన్ లేక్స్‌లో దింపాడు. "ఇక్కడ వీధులకు బదులు కాలవలేనయ్యా. తీరిగ్గా నడిచి చూడండి" అన్నాడు.

నేను గోదావరి కాలవల పక్కన పెరిగినవాణ్ణి. కాలవంటే నాకు గుర్రపుడెక్క, రేవులో బట్టల చప్పుడు. ఇక్కడ నీళ్లు కదలకుండా తేటగా ఉన్నాయి. ప్రతి ఇంటి వెనకా నీళ్ల మీదికి చెక్కల వంతెన లాంటి చిన్న రేవు, దానికి కట్టిన తెల్లటి బోటు. దీపస్తంభాల మీద గూడబాతులు. ఏ మలుపు బాగుంటే ఆ మలుపు తిరుగుతూ, చిప్స్ తింటూ రెండు గంటలు నడిచాం.

అప్పుడు కేక వినిపించింది.

అవతలి ఒడ్డున, ఒక రేవు మీద, బలంగా ఉన్న మనిషి ఒకామెను జుట్టు పట్టుకుని ఈడుస్తున్నాడు. ఆమె తలను బోటు అంచుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆ చప్పుడు నీళ్ల మీదుగా మా దాకా వచ్చింది.

"హే! స్టాప్!" అని మావాడు అరిచాడు.

అతను తలెత్తి మమ్మల్ని చూశాడు. మధ్యలో ఉన్న నీళ్లనూ చూశాడు. మళ్లీ ఆమె వైపు తిరిగి కడుపులో తన్నాడు.

"బ్రిడ్జి ఎక్కడుందిరా?" అన్నాను.

"మనం వచ్చిన దిక్కే. ఇరవై నిమిషాలు పడతది."

"అప్పటికి చచ్చిపోద్దిరా ఆవిడ!"

"ఆగు భాయ్, ఈ ఇంట్ల ఫోన్ అడుగుత" అంటూ వాడు దగ్గరలో ఉన్న ఇంటి వైపు పరిగెత్తాడు. నేను బూట్లు విప్పి దూకేశాను.

చలికి గుండె పట్టేసింది. ఎలా ఈదానో తెలియదు. నిచ్చెన పట్టుకుని రేవు ఎక్కుతుంటే అతను తెడ్డుతో నా ఎడమ భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన శబ్దం నాకే వినిపించింది. చెక్కల మీద బోర్లా పడ్డాను. బూటుకాలితో మూతి మీద తన్నాడు. నోట్లో రక్తంతోపాటు ఊడిన పన్ను తగిలింది. మళ్లీ తెడ్డు ఎత్తుతుంటే కాలు పట్టుకుని లాగాను. అతను వెల్లకిలా పడ్డాడు. తెడ్డు నా కుడిచేతికి చిక్కింది.

ఈ కథ ఎవరికి చెప్పినా ఇక్కడితో ఆపేసేవాణ్ణి. మొదటి దెబ్బ అతన్ని ఆపడానికే కొట్టాను. రెండోదీ అందుకే కావచ్చు. ఆ తర్వాత అతను మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని, "ఇనఫ్, మేట్, ఇనఫ్" అన్నాడు. నేను ఆపలేదు. ఆ చేతుల మీదే కొట్టాను. వేళ్లు విరుగుతున్నాయని తెలుస్తూనే ఉంది. కొట్టడం నాకు బాగుంది. ఈ ముక్క రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆమె నెత్తుటి మొహంతో పాక్కుంటూ వచ్చి నా చేతికి వేలాడింది. "స్టాప్! యూ విల్ కిల్ హిమ్!"

ఆమెను మోచేత్తో తోసేశాను. ఆమె వెళ్లి బోటు అంచుకు తగిలి పడింది.

అంతలో మావాడు ఫోన్ అడగడానికి వెళ్లిన ఇంటి ముసలాయన తన చిన్న పడవలో వాణ్ణి తీసుకొచ్చాడు. వాడు వెనక నుంచి నన్ను వాటేసుకుని కింద పడేశాడు. "బస్ చెయ్‌రా! ఇడువు! సచ్చిపోతడు!"

పోలీసులొచ్చారు. ముగ్గురినీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. నా భుజానికి కట్టు కట్టాక మావాడు మంచం పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"ఆమెను నూకినవ్. నేను జూసిన."

"తెలుసు."

"పోలీసోళ్లకి చెప్పలె నేను."

"నేను చెప్పాను."

"పాగల్ గానివా? వీసా పోతది!"

"పోతే పోనీరా."

పోలేదు. తను కాలు జారి పడ్డానని ఆమె వాంగ్మూలం ఇచ్చింది. నేను లేకపోతే చచ్చిపోయేదాన్నని కూడా చెప్పింది. కొన్ని నెలల తర్వాత అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. జైలు పడింది.

ఆ రోజు కోర్టు వరండాలో ఆమె ఎదురైంది. కనుబొమ మీద కుట్లు మానిన గీత కనిపించింది. "థాంక్యూ" అంది. ఏమనాలో తెలియక కరచాలనానికి చెయ్యి ముందుకు చాచాను. ఆమె చటుక్కున తల పక్కకు తిప్పుకుని, గోడకు నక్కి, మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది.

చెయ్యి దించేశాను. "సారీ" అన్నాను. ఆమె నా వైపు చూడకుండానే తలూపి, తన లాయరు వెనక వెళ్లిపోయింది.