స్విచ్ బోర్డు ముందు కుర్చీ

మునిసిపల్ ఆఫీసులో టెండర్ల గుమాస్తాను చూసి ఎవరూ భయపడరు. పొట్టి మనిషి, మొహానికి మించిన కళ్లద్దాలు, ఎవరేం చెప్పినా "సరే సార్" తప్ప మరో మాట రాదు. ఆ "సరే సార్" వెనక తొమ్మిదేళ్లుగా ఎంత కసి ఉడుకుతోందో తెలిస్తే ఇంజనీరు ఆమెను ఆ సెక్షన్‌లో ఒక్క పూట ఉండనిచ్చేవాడు కాదు. పాపం, ఆయనకేం తెలుసు? తాను ఉద్యోగం ఊడబెరికిన పంపు ఆపరేటరుకు ఒక కూతురుందన్న సంగతే ఆయన బుర్రలో లేదు. పెద్ద కుర్చీల్లో ఉన్న సుఖమే అది, ఎవరిని తొక్కామో గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

తొమ్మిదేళ్ల కిందట ఊరి పంపుహౌసుకు కొత్త మోటారు కొన్నారు. బిగించిన నాలుగో నెలలో, మిట్టమధ్యాహ్నం, అది కాస్తా కాలిపోయింది. వారం రోజులు ఊరంతా ఖాళీ బిందెలతో రోడ్డెక్కింది. ఎవరో ఒకరిని బలి ఇస్తే తప్ప జనం చల్లారేలా లేరు. కొన్నది ఇంజనీరు. అమ్మింది ఆయన జిగిరీ దోస్తు. ఇక మిగిలింది స్విచ్ బోర్డు ముందు కుర్చీలో కూర్చునే ఆపరేటరు, నోట్లో నాలుక లేని మనిషి. ఇంజనీరు తన నివేదికలో ఒక్క వాక్యం రాశాడు: "మోటారులో ఏ లోపమూ లేదు, స్విచ్ దగ్గరున్న వ్యక్తి నిద్రపోవడమే ప్రమాదానికి కారణం." ఆ ఒక్క వాక్యంతో పద్దెనిమిదేళ్ల కొలువు పోయింది. ఆపరేటరు తన బావమరిది దర్జీ కొట్లో చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ బతికాడు. వీధిలో ఆయన కూతురికి "మోటారు కాల్చినాయన కూతురు" అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ కూతురే ఈ గుమాస్తా. పరీక్ష రాసి, మంచి ఆఫీసులు రెండు వస్తే కాదనుకుని, ఏరికోరి ఇక్కడే చేరింది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ వాక్యం అబద్ధమని, దాన్ని రాసిన చేతే రాయాలి. అంతవరకు నిద్ర పట్టదు, అన్నం సయించదు అని చెప్పలేను. నిద్రా పట్టింది, అన్నమూ తిన్నది. కానీ ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఆఫీసులో చేరాక పని ఎలా నడుస్తుందో ఆమెకు అర్థమైంది. ఊరికి ఏం కావాలో ఊళ్లో ఎవరినీ అడగరు. దోస్తు ఒక కేటలాగు చంకన పెట్టుకుని వస్తాడు, అందుకే ఆఫీసంతా అతన్ని కేటలాగు అనే పిలుస్తుంది. అతని దగ్గర ఏ సరుకుంటే ఊరికి ఆ అవసరం పుట్టుకొస్తుంది. కొనే వస్తువు ఎలా ఉండాలో ఆ వివరాలు కూడా కేటలాగే రాసిస్తాడు, వేరెవరి సరుకూ వాటికి సరిపోకుండా. పోటీకి వచ్చే మిగతా రెండు కొటేషన్లు అతని బావమరిదివి, తోడల్లుడివి. గుమాస్తా పని ఆ కాగితం టైపు చేసి, చివర ముప్పై నాలుగు సాధారణ షరతులు అతికించడం. ఆ షరతులను ఆఫీసు కట్టిన నాటి నుంచి ఎవరూ చదివిన పాపాన పోలేదు.

ఈ ఏడు మళ్లీ మోటార్లు కొనాలన్నారు. కేటలాగు రాసిచ్చిన కాగితం ఆమె బల్ల మీదికి వచ్చింది. అందులో పరీక్ష సంగతి ఒక్క ముక్కలో ఉంది: సరఫరాదారు తన షెడ్డులో అరగంట నడిపి సర్టిఫికెట్ ఇస్తే చాలు. ఆమె దాన్ని అక్షరం మార్చకుండా టైపు చేసింది. తర్వాత రూల్సు పుస్తకం తీసి, పట్టణానికి ఎప్పటినుంచో ఉన్న హక్కునొకదాన్ని పట్టుకొచ్చి ఇరవై ఏడో షరతుగా చేర్చింది. సర్టిఫికెట్ ఉన్నా సరే, మోటారును పంపుహౌసులో పూర్తి లోడు మీద ఏడు రోజులు, రోజుకు పన్నెండు గంటలు నడిపి చూడాలి. అన్నాళ్లూ స్విచ్ బోర్డు ముందు కుర్చీలో కొనుగోలు చేసిన ఇంజనీరే కూర్చోవాలి. గంటగంటకూ రీడింగు రాసి సంతకం పెట్టాలి. ఆపరేటరు బోర్డును ముట్టకూడదు.

దొంగచాటు వ్యవహారం కాదు. కాగితాలు ఇంజనీరు ముందు పెట్టింది. ఆయన ఫోన్లో నవ్వుతూనే ప్రతి పేజీ మూలనా సంతకం గిలికేశాడు. కౌన్సిల్ చేతులెత్తి ఆమోదించింది. ప్రకటన గోడకెక్కింది. ఇక కేటలాగు సంగతి చెప్పాలా? తాను రాసిచ్చిన కాగితాన్ని తానే కూర్చుని చదువుకునే వెర్రివాడు ఎవడుంటాడు? కళ్లు మూసుకుని ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

మోటార్లు దిగిన రోజున ఆమె ఛైర్మన్ గారికి ఇరవై ఏడో షరతు గుర్తుచేసింది. ఇంజనీరు మొహం పాలిపోయింది.

"ఇదెక్కడి షరతమ్మా? ఎవరు పెట్టారు?"

"మీ సంతకం ఉంది సార్. కౌన్సిల్ తీర్మానం కూడా అయింది."

ఛైర్మన్ గారికి ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఎండాకాలంలో మళ్లీ నీళ్లాగితే తన పని అయిపోయినట్టే. "కూర్చోవయ్యా, ఏడు రోజులేగా" అన్నాడు.

అలా ఇంజనీరు వెళ్లి, పంపుహౌసు రొదలో, నూనె వాసనలో, సీటు చిరిగిన ఆ ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. గుమాస్తా గంటకోసారి లాగ్ బుక్ అందించేది. ఆయన చెమటలు తుడుచుకుంటూ సంతకం పెడుతుంటే ఆమెకు కడుపు నిండిపోయేది. ఎందుకు అబద్ధం చెప్పాలి, హాయిగా ఉండేది.

మూడో రోజు మధ్యాహ్నం రెండున్నరకు మోటారు కమురు వాసన కొట్టింది. రెండు నిమిషాల్లో పొగ. తర్వాత కీచుమని ఒక అరుపు, ఆ పైన నిశ్శబ్దం.

ఇంజనీరు ఎగిరి లేచాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? "ఆపరేటరేడీ? వాడేం చేస్తున్నాడు?"

"బయట నిలబడ్డాడు సార్. వాడు బోర్డు ముట్టకూడదు కదా. కుర్చీలో ఉంది మీరే." ఆమె చేతి సంచిలోంచి తొమ్మిదేళ్ల నాటి నివేదిక నకలు తీసి, తాపీగా చదివింది. "'మోటారులో ఏ లోపమూ లేదు, స్విచ్ దగ్గరున్న వ్యక్తి నిద్రపోవడమే ప్రమాదానికి కారణం.' ఇదే మళ్లీ టైపు చెయ్యమంటారా సార్? పేరు ఒక్కటే మార్చాలి."

ఇంజనీరు ఆ కాగితం వంకా, ఆమె వంకా చూశాడు. అందులో ఆపరేటరు ఇంటి పేరూ, ఆమె ఇంటి పేరూ ఒకటేనని ఆయనకు అప్పుడు తట్టింది. "నువ్వు... ఆయన కూతురివా?"

"అవును సార్."

ఛైర్మన్ గారు వచ్చి మోటారు విప్పించారు. పైన కొత్త రంగు, గీకితే కింద పాత రంగు, లోపల మళ్లీ చుట్టిన పాత తీగ. కేటలాగు అప్పటికే తోక ముడిచాడు. తాను నిద్రపోయానని రాసుకోవాలి, లేదా సరుకు పాతదని రాయాలి. ఇంజనీరుకు మూడో దారి లేదు. రాశాడు: మోటారు పాతది, రంగు వేసి అమ్మారు, స్విచ్ దగ్గరున్న వ్యక్తి తప్పు లేదు, తొమ్మిదేళ్ల కిందట ఇదే సరఫరాదారు ఇచ్చిన మోటారు కూడా ఇలాంటిదే. చివరి ముక్క తనంతట తాను రాయలేదు. ఆమె పక్కన నిలబడి రాయించింది.

సాయంత్రం ఆయన ఆమె బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పాత ఫైలు మాత్రం పైకి పంపకమ్మా. ఇంకా ఏడాదిన్నర సర్వీసుంది నాకు. విచారణంటే పరువు పోతుంది. నీకు కావలసింది రాసిచ్చేశాను కదా."

ఆ వంగిన నడుమును చూశాక ఆమె మంట నిజంగానే చల్లారింది. "సరే సార్, వదిలేస్తాను" అంది. మనసులో కూడా అదే అనుకుంది.

ఇంటికెళ్లి కాగితం తండ్రి చేతిలో పెట్టింది. ఆయన సూదిని చొక్కాకు గుచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, పెదాలు కదుపుతూ మూడుసార్లు చదివాడు. ఆయన నవ్వుతాడనో ఏడుస్తాడనో ఆమె ఎదురుచూసింది.

"అయితే నేను నిద్రపోలేదన్నమాట" అన్నాడు.

"అదేంటి నాన్నా? నువ్వు నిద్రపోలేదని నీకు తెలియదా?"

"ఏమో తల్లీ. మెలకువగానే ఉన్నాననుకున్నాను. కానీ అంత చదువుకున్నాయన రాశాడు కదా, ఒక్క క్షణం నాకే తెలియకుండా కన్ను మూతపడిందేమోనని... ఊరికి నీళ్లు లేకుండా చేసింది నేనేనేమో అని." ఆయన కాగితం మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అందుకే, అప్పటినుంచి పగటిపూట కన్ను మూయలేదమ్మా. ఒంట్లో బాగాలేనప్పుడు కూడా."

ఉద్యోగం పోయిందని తెలుసు, పరువు పోయిందని తెలుసు. తన తండ్రి తన మీద తానే నమ్మకం పోగొట్టుకుని ఈ తొమ్మిదేళ్లూ పక్కగదిలోనే బతుకుతున్నాడని ఆమెకు తెలియదు.

మర్నాడు ఆఫీసు తెరిచీ తెరవగానే పాత ఫైలు దుమ్ము దులిపి, కొత్త కాగితం దానికి కుట్టి, విచారణ జరిపించమని రాసి పై అధికారులకు పంపేసింది. కబురు తెలిసి ఇంజనీరు పరుగున వచ్చాడు.

"వదిలేస్తానన్నావు కదమ్మా! నిన్న మాటిచ్చావు!"

"ఇచ్చాను సార్," అంది ఆమె. "మీరేం చేశారో నిన్నటికి నాకు సగమే తెలుసు."