మడిలోకి దిగి

ఇడపనూరు తిరుమలమ్మ గట్టు మీద నిలబడి రైతుతో వాదించదు. మడిలోకి దిగి మాట్లాడుతుంది.

ఆరేళ్ళ కిందట బాళగనూరులో నాటు బాగాలేదని ఒక రైతు తిడితే గట్టు మీద నుంచే ఎదురు తిట్టింది, తర్వాత ఏడ్చింది. తప్పెవరిదో ఎవరూ చూడలేదు. మూడేళ్ళు ఆ ఊరు ఆమె నాట్ల కూలీల ముఠాను పిలవలేదు.

ఈసారి గోరేబాళ. నాటు వేసి నెలయింది. కలుపు పనుల కోసం పద్నాలుగు మంది ఆడవాళ్ళతో అక్కడే ఉంది. వాళ్ళతో నాటు వేయించుకున్న రైతు యలమందయ్య తన పొలం దగ్గరికి పిలిపించాడు. గట్టు మీద మరో అయిదుగురు రైతులున్నారు. వాళ్ళలో అతని మేనల్లుడు ధర్మతేజ ఒకడు.

"ఏమే, దీన్ని నాటటం అంటారా? బట్టతల లాగుంది," అన్నాడు యలమందయ్య.

రైతులు నవ్వారు.

"తొందరగా ఎగబడి పల్చగా గుచ్చిపోయారు. ఈ ఊళ్ళో మిమ్మల్ని కలుపుక్కూడా ఎవడూ పిలవడు. నేను పిలవనివ్వను."

వెనక ముఠాలోని చెన్నవ్వ నోరు తెరిచింది. తిరుమలమ్మ చెయ్యెత్తి ఆపింది. చీర ఎగదోపి మడిలోకి దిగింది.

"దిగుండ్రి సావ్కారీ."

"నేనెందుకు దిగాలి?"

"అట్లయితే ఆడ్నించే చూడుండ్రి."

రెండు కుదుళ్ళ మధ్య జాన పెట్టింది. వేలికి కుదురు తగిలింది. ఇంకో చోట పెట్టింది. ఇంకో చోట.

"జానకొక కుదురుంది. పిలకలే లేవు. యాభై దినాల నారు, ముదిరిపాయె. నాటే పొద్దే చెప్పిన. మాటలొద్దు, నాటు అంటిరి."

"కూలికొచ్చినదానివి, నాకు సేద్యం నేర్పుతావా?"

"నేర్పుతలేను. చూపిస్తున్న." పక్క మడి చూపింది. కాలువ నీళ్ళు ఆలస్యమని తెలిసి ధర్మతేజ కొన్నాళ్ళు ఆగి నారు పోసుకుని, లేతగానే నాటించాడు. ఆ పైరులో నేల కనబడటం లేదు. "మీది అయిన తెల్లారి అది నాటింది గూడ మేమే. ఇవే చేతులు."

గొంతు పెంచలేదు. బురద కాళ్ళను పట్టుకుని ఉంది.

"నువ్వు చెప్పరా," అన్నాడు యలమందయ్య.

ధర్మతేజ తన చెప్పులు చూసుకున్నాడు.

"నా పొలంలో మళ్ళీ కనిపించావంటే బాగుండదు," అని యలమందయ్య నడిచాడు. మిగతావాళ్ళు వెంట వెళ్ళారు. ధర్మతేజ వెనకబడి, ఆమె వైపు చూడకుండా గొణిగాడు.

"రేపు ఆరింటికి కలుపుకి రండి."

"గట్టిగ చెప్పు సావ్కారీ. మీ మామకు ఇనపడాల."

అతను మామ వీపు వైపు చూశాడు. తిరుమలమ్మ మడిలోంచి కదలలేదు.

"రేపు ఆరింటికి మా పొలంలో కలుపు," అన్నాడు పైకి. "అందరూ రండి."

ముందు నడుస్తున్న యలమందయ్య ఒక్క అడుగు ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"వస్తం," అని ఆమె గట్టెక్కింది.